ఉప్పు కడిగే పని

మా నాన్న ఉప్పు పండించాడు.
నేను ఉప్పు కడుగుతాను.
ఇంతకన్నా పెద్ద కథ మా ఇంట్లో లేదు.

సావో పెద్రో ద ఆల్దేయాలో
సముద్రాన్ని మించిన ఉప్పు మా సరస్సుది.
ఆ గట్టున మడులు కట్టి
గాలిమరతో నీళ్లు తోడి
మిగతాది ఎండకు అప్పజెప్పి
టోపీ మొహం మీదికి లాక్కుని పడుకునేవాడు
జురాందిర్, మా నాన్న.
మడమ పగుళ్లలో తెల్ల గీతలు
పోయేదాకా పోలేదు.

ఇప్పుడా మడుల మీద
సెలవులకొచ్చే రియో వాళ్ల ఇళ్లు.
ప్రతి ఇంటికీ ఓ ఈతకొలను.
మంచినీళ్లది.

నా చేతికి నౌకాదళం గొట్టం ఇచ్చింది,
మోకాళ్ల దాకా బూట్లు,
వేలి దగ్గర చిరిగిన రబ్బరు తొడుగులు.
నీళ్ల మీద తిరిగొచ్చిన ప్రతిదాన్నీ
చీకటి పడేలోగా కడగాలి.
లోహానికి ఉప్పు చెద.
తిన్న ఉప్పును తలుచుకోమంటారు.
తలుచుకుంటూనే కడుగుతాను.

సీహాక్ అన్నిటికన్నా తడిసి వస్తుంది.
అలల మీద కదలకుండా నిలబడి
తాడుకు చెవి కట్టి లోపలికి దించుతుంది,
అడుగున ఎవరైనా ఊపిరి బిగబట్టి ఉన్నారేమోనని.
ఆ చెవిని మెత్తటి గుడ్డతో తుడుస్తూ
ఏం విన్నావే, అని అడుగుతాను.
చెప్పదు.
తిమింగలాల రొదే ఎక్కువని
పైలట్లు మాత్రం గొణుగుతారు.

కిక్కిరిసిన బస్సులో బుట్టతో ఎక్కిన ముసలమ్మలా
చిన్న ఓడ వెనక మూలన
తోక మడుచుకుని సర్దుకుంటుంది లింక్స్.
ఆ మడత కీలులోనే దాక్కుంటుంది ఉప్పు.
అక్కడ పళ్లు తోముకునే బ్రష్షే గతి.

ఎస్కిలో, పేరుకు ఉడత.
కొత్త పిల్లల తడబాటంతా దాని వీపు మీదే.
ఒక్కోసారి సీటు పట్టీల మీద
పొద్దుటి కాఫీ కక్కుతారు.
అదీ నా గొట్టం కిందికే.

సూపర్ కూగర్ ఒకసారి బురదతో వచ్చింది,
వానలకు కొండ జారిన ఊరి నుంచి.
లోపల నేల మీద ఒక చిన్న చెప్పు.
ఎడమ కాలిది.
దాన్నీ కడిగాను.
ఏ ఫారంలో రాయాలో తెలియలేదు.
నా లాకర్‌లోనే ఉంది.

ఇక స్కైహాక్‌లు.
దాదాపు నా ఈడువి.
ఎడారి దేశం వాడుకుని అమ్మితే
ఓడ మీద దింపుదామని కొన్నాం.
ఓడ ఇప్పుడు అట్లాంటిక్ అడుగున ఉంది.
తోక కింద కొక్కెం మాత్రం ఉంది.
ఊగే ఓడ మీద
అడ్డంగా కట్టిన తీగను అందుకోవలసిన కొక్కెం.
ప్రతి తనిఖీకీ దాన్ని దించాలి, ఎత్తాలి,
గ్రీజు రాయాలి,
'పట్టు సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టాలి.

వాండర్లేయ్, వచ్చి మూడు వారాలైన కుర్రాడు,
డబ్బా మూత తీస్తూ ఆగాడు.
"ఓడే లేదు కదా సార్జెంట్,
దీనికి గ్రీజు దండగ కాదూ?"

మడులు అమ్మేసిన తరువాత కూడా
మా నాన్న ఆదివారం ఆదివారం
నిచ్చెన మోసుకెళ్లేవాడు.
గాలిమర ఇరుసుకు పందికొవ్వు రాసేవాడు.
తోడడానికి కింద నీళ్లు లేవు.
కొన్నాయన వరండాలోంచి చూసి
నవ్వి ఊరుకునేవాడు.
ఎందుకు నాన్నా అంటే,
"కీచుమంటే నాకు నిద్ర పట్టదు," అన్నాడు.
అప్పటికి మా ఇల్లు
అక్కడికి రెండు కిలోమీటర్ల దూరం.

ఇదంతా కుర్రాడికి చెప్పలేదు.
"పుస్తకంలో పేజీ ఉంది, రాయి," అన్నాను.
రాశాడు.
బాగానే రాశాడు, మూలమూలకీ,
మొహాన ఒక చార పూసుకుని మరీ.

ఏడు దాటింది.
కడిగిన నీళ్లు సిమెంటు వాలు మీదుగా
కాలవలోకి జారుతున్నాయి.
కాలవ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేదు గానీ
వాలు సరస్సు వైపే ఉంది.

ఇంటికెళ్లి మూత తీసి
బీన్స్ రుచి చూశాను.
ఉప్పు చాలలేదు.